శుక్రవారం వచ్చిన ఆగస్టు పదిహేను

మా మనవరాలు ఎనిమిదో తరగతి చదువుతోంది. పోయిన నెలలో వాళ్ల సోషల్ టీచరు పిల్లలకు ఒక పని అప్పగించింది. ఎవరి వీధిలో వాళ్లు ముప్పై మందిని కలిసి, మీకు ఏ పండుగంటే ఎక్కువ ఇష్టం, ఎందుకిష్టం అని అడిగి, అట్ట మీద గళ్లు గీసి, ఏ పండుగకు ఎన్ని ఓట్లు వచ్చాయో రాసుకురావాలట. రెండు సాయంత్రాలు మెడలో నీళ్ల సీసా తగిలించుకుని వీధంతా తిరిగింది. తిరిగొచ్చి నా మంచం మీద కాళ్లు మడుచుకు కూర్చుని జవాబులన్నీ చదివి వినిపించింది. పూలమ్మే ఆమె శ్రావణ శుక్రవారాలు అంది, ఆ నాలుగు వారాలే ఆమె బుట్ట ఖాళీగా ఇంటికి పోతుందట. ఆటో నడిపే అతను ఎమ్మిగనూరు జాతర అన్నాడు. బ్యాంకులో పనిచేసే పక్కింటాయన ఏ పండుగైనా పరవాలేదు, సోమవారం వస్తే చాలన్నాడు. మూల మీద దర్జీ రంజాన్ అని చెప్పి, కాసేపాగి, కాదు రంజాన్ మర్నాడు అని దిద్దుకున్నాడట, అంతదాకా కుట్టుపనితో ఆయనకు తల ఎత్తే తీరిక ఉండదు. సందు చివర నిలబడే కుర్రాళ్లు పదకొండు మందీ వినాయక చవితికే వేశారు. ఉగ్గాని హోటలు మాస్టరు మాత్రం, పండుగలు లేని నెల ఏదైనా ఉంటే దాన్ని రాసుకోమన్నాడు. ఆయన జవాబు దగ్గర నేను కాస్త కదిలి కూర్చున్నాను.

"అవ్వా, ఆగస్టు పదిహేనుకు ఒక్క ఓటు గూడా రాలేదు," అంది మనవరాలు, ఆ గడిలో సున్నా చుడుతూ. సున్నా ఎందుకు, మీ తాత వాళ్లమ్మది ఒకటి రాసుకో అన్నాను. లేనోళ్ల ఓట్లు రాస్తే టీచరు ఒప్పుకోదని చెప్పి ఆ సున్నాను ఇంకాస్త గుండ్రంగా దిద్దింది. నా సంగతి అడిగితే, నాకు అన్నీ ఒకటేలేమ్మా అన్నాను. అట్లా రాయడానికి గడి లేదని నన్ను దీపావళిలో వేసుకుని వెళ్లిపోయింది. అట్ట బడికి పోయింది, పదికి తొమ్మిది మార్కులు కూడా తెచ్చుకుంది. నాకు మాత్రం ఆ సాయంత్రం నుంచి మా అత్త గుర్తొస్తూనే ఉంది.

మా అత్త పదిహేనేళ్ల వయసులో ఆదోనిలో పత్తి, ధాన్యం వ్యాపారం చేసే ఈ ఇంటికి కోడలుగా వచ్చింది. నేను వచ్చేటప్పటికి ఆమెకు నలభై అయిదు దాటి ఉంటాయి. పొట్టి మనిషి, సన్నని ముఖం, నడుముకు ఇంటి తాళాల గుత్తి. గొంతు ఎప్పుడూ పెరిగేది కాదు. కోపం వస్తే మాట తగ్గేది, సంతోషం వచ్చినా మాట తగ్గేది. అందువల్ల ఆమె ఏ స్థితిలో ఉందో తెలుసుకోడానికి నాకు మూడు నాలుగేళ్లు పట్టింది. ఇద్దరు ఆడబిడ్డలకూ నా పెళ్లికి ముందే పెళ్లిళ్లయిపోయాయి. మా ఆయన ఒక్కడే కొడుకు. కాబట్టి వంటింట్లో మిగిలింది మేమిద్దరమే.

మా మామకు దేవుళ్ల మీద ఎంత భక్తి ఉండేదో నేను చెప్పలేను, పండుగల మీద మాత్రం చాలా ఉండేది. పండుగ ఘనంగా చేసే ఇంటి మాటను మండీలో నమ్ముతారని ఆయన నమ్మకం. ఉగాదికి ఓళిగలు, ఏరువాక పున్నమికి ఎద్దులను అలంకరించుకొచ్చే రైతులకు భోజనాలు, శ్రావణం నాలుగు శుక్రవారాలు, చవితి, దసరా తొమ్మిది రోజులు, దీపావళికి అంగడి పూజ, కార్తీక సోమవారాలు. పీర్ల పండుగకు కూడా మా పొయ్యికి సెలవు లేదు. చిన్నప్పుడు మామకు జబ్బు చేస్తే వాళ్లమ్మ పీర్లకు మొక్కుకుందట. ఆ మొక్కు కింద ఏటా రొట్టెలు కాల్చి, చిదిపి, బెల్లం కలిపి మలీద చేసి పంపాలి. పత్తికొండ నుంచి, సి.బెళగల్ నుంచి సరుకు తెచ్చిన రైతులు పండుగ వాసన పట్టుకుని మా ఇంటికే వచ్చేవాళ్లు. రావద్దనే అలవాటు ఆ ఇంట్లో లేదు. వచ్చినవాళ్లందరూ తిని, చేతులు కడుక్కుని, పండుగంటే మీ ఇంట్లోదేనప్పా అని మామతో చెప్పి పోయేవాళ్లు. ఆయన మీసం కింద నవ్వుకునేవాడు. మేము తలుపు వెనక నిలబడి ఇంకా ఎన్ని విస్తళ్లు మిగిలాయో చూసుకునేవాళ్లం.

దీనికి తోడు నీళ్లు. ఆదోనిలో ఆడవాళ్ల వయసు పండుగలతో కాదు, కొళాయి వచ్చిన రోజులతో కొలవాలి. అయిదు రోజులకోసారి, వారానికోసారి వచ్చేది. మడి అంటే స్నానం, తడి బట్ట, కడిగిన గిన్నె, కడిగిన నేల. అన్నీ నీళ్లతో పనే. పండుగ రెండు రోజులుందనగా ఇంట్లో ఉన్న ప్రతి బిందె, బకెట్టు, చివరికి పాత పాలక్యాను కూడా నింపి వరసగా పెట్టేవాళ్లం. అత్త వాటి మధ్యలో నడుస్తూ ఒక్కొక్క బిందె మీద చెయ్యి వేసి, ఇది దేవుడికి, ఇది పప్పుకు, ఇది కాళ్లు కడుక్కోడానికి అని చెప్పుకుంటూ పోయేది. ఏ బిందె మీదా మాకు అని చెప్పిన గుర్తు లేదు.

నేను పుట్టి పెరిగింది ఎమ్మిగనూరులో. మా నాయనకు చీరల అంగడి ఉండేది, మా ఇంటి వెనక వీధంతా మగ్గాలు. అక్కడ నేసేవాళ్లకు అమావాస్య ఒక్కరోజే సెలవు. ఆ రోజు మగ్గాల చప్పుడు ఆగిపోయి ఊరు చెవిటిదైనట్టు ఉండేది. మా వెనకింట్లో నేసే ఒక పెద్దమ్మ ఉండేది. నా పెళ్లి కుదిరిందని చెప్పడానికి పోతే, మగ్గం గుంటలోంచి కాళ్లు బయటికి తీయకుండానే దీవించి ఒక మాట చెప్పింది. "పండగకు లోకమంతా కొత్త చీర కట్టుకుంటాదమ్మా. ఆ చీర నేసినదానికి కాళ్లు చాపుకోని పడుకునేదే పండగ." పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల పిల్లను, నాకు ఆ మాట నవ్వులాటగా తోచింది. అంత పెద్దింటికి కోడలుగా పోతున్నాను, అన్ని పండుగలు చేసే ఇంటికి పోతున్నాను అని మా అమ్మ వీధిలో అందరికీ చెప్పుకుంటోంది అప్పుడు.

అట్లాంటి ఇంట్లో ఆగస్టు పదిహేను అంటే ఏమిటో వచ్చిన ఏడే నాకు తెలిసింది. ఆ రోజు మండీ మూత. కొత్త పత్తి రావడానికి ఇంకా నెలలుంటాయి కాబట్టి మగవాళ్లకు తొందరేమీ లేదు. పొద్దున్నే తెల్లబట్టలు కట్టుకుని వర్తకుల సంఘం ఆవరణకు పోయేవాళ్లు. జెండా ఎగరేశాక ప్రసంగాలు, పక్కనున్న ఆడపిల్లల బడిలో పిల్లలకు పొట్లాలు పంచడం, తర్వాత సంఘం వాళ్లు వంటవాణ్ణి పెట్టి చేయించిన భోజనాలు. ఇంటికి వచ్చేటప్పటికి మూడు గంటలు. వాళ్లు గడప దాటగానే అత్త వీధి తలుపు గడియ వేసేది. పొయ్యి వెలిగించేది కాదు. ఏడాది పొడుగునా బయటి తిండి గడప తొక్కని ఆ ఇంట్లోకి, ఆ ఒక్క రోజు, పెరటి తలుపు గుండా పనిమనిషి కొంగు కింద దాచుకుని ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తెచ్చేది. ముగ్గురమూ పెరట్లో నీడన కూర్చుని కాగితాల్లోనే తినేవాళ్లం. తర్వాత అత్త గోడకు ఆనుకుని, రెండు కాళ్లూ బారుగా చాపి, పాదాల వైపు చూస్తూ కూర్చునేది. ఏమీ చేసేది కాదు. బడి నుంచి పిల్లలు జేజేలు కొట్టడం వినిపిస్తే ఒకసారి తల ఎత్తేది, మళ్లీ పాదాలను చూసుకునేది. ఆమె ఏమీ చేయకుండా ఉండడం నేను చూసింది అప్పుడే. జనవరిలో వచ్చే జెండా పండుగ కూడా ఉంది గదా అంటారేమో. అది పత్తి ముమ్మరంగా వచ్చే కాలం, ఇంట్లో ఎప్పుడూ బయటివాళ్లు తింటూనే ఉంటారు. అది లెక్కలోకి రాదు.

నేను కాపురానికి వచ్చిన పదో ఏడనుకుంటాను, వరలక్ష్మీ వ్రతం చేసే శుక్రవారమూ ఆగస్టు పదిహేనూ ఒకే రోజు వచ్చాయి. కొత్త క్యాలెండరు గోడకు తగిలించిన రోజే అత్త అది చూసి ఉండాలి. నాతో ఏమీ అనలేదు. దానికి తోడు ఆ ఏడు మామను సంఘానికి అధ్యక్షుణ్ణి చేశారు. ఆ గౌరవం ఇంటికి ఎట్లా కనిపించాలో ఆయనే నిర్ణయించాడు. వ్రతానికి మండీ వర్తకుల ఇళ్ల ఆడవాళ్లందరినీ పిలిచి వాయనాలివ్వాలి. సంఘం భోజనాలు కూడా ఈసారి మా ఇంటి నుంచే పోవాలి. నెల ముందే సావిట్లో కూర్చుని ఈ సంగతి చెప్పాడు. "ఆ పొద్దు ఎట్లా పొయ్యి ఎలుగుతానే ఉంటాది గదా. దాంట్లోనే ఇంకో నలభై ఇస్తర్లు, అంతే." అత్త తాళాల గుత్తిని ఒకసారి సర్దుకుని, సరే అంది. ఆ సరేలో ఏమైనా తేడా ఉందేమో అని నేను తర్వాత ఎన్నోసార్లు గుర్తు చేసుకున్నాను. ఏమీ లేదు. అన్ని సరేల్లాగే ఉంది.

ఆ వారం కొళాయి రాలేదు. గురువారం సాయంత్రమంతా నేనూ పనిమనిషీ రెండు వీధుల అవతల బోరింగు దగ్గర వరసలో నిలబడి నీళ్లు మోశాం. శుక్రవారం తెల్లవారుజామున మూడింటికి నేనూ అత్తా తలస్నానం చేసి తడి జుట్టుతోనే పొయ్యిల దగ్గర కూర్చున్నాం. ఒక పొయ్యి అమ్మవారి నైవేద్యానికి, రెండు పొయ్యిలు సంఘం భోజనాలకు. పూర్ణాలు, వడలు, చిత్రాన్నం, పాయసం, పప్పు, రెండు కూరలు, మళ్లీ ఓళిగలు. పూజ అయ్యేదాకా మాకు పచ్చి నీళ్లు కూడా లేవు. నేను ఓళిగలు తడుతుంటే అత్త పెనం మీద వేసి తిప్పేది. ఆ నాలుగైదు గంటల్లో మేము మాట్లాడుకున్నవి, నెయ్యి, కాలింది, తియ్యి, ఇంతే. ఎనిమిదిన్నరకు గంగాళాలు, గిన్నెలు తోపుడు బండికి ఎక్కించారు. మా ఆయన బండి వెంట పోయినాడు. మామ అంతకు ముందే, ఇస్త్రీ చేసిన తెల్ల పంచె కట్టుకుని, వాసన చూసి, బాగున్నాయని చెప్పి పోయినాడు.

తొమ్మిదికి అత్త పట్టుచీర కట్టుకుంది. కలశం మీద కొబ్బరికాయ పెట్టి, వెండి ముఖం కట్టి, పూలు చుట్టింది. పీట వేసింది. దీపం వెలిగించింది. కాళ్లకు పసుపు రాసుకుని వస్తానని పెరట్లోకి పోయింది. నేను శనగలు వడకట్టి, రవికె గుడ్డలు మడతలు పెడుతూ కూర్చున్నాను. పది అవుతుంటే పురోహితుడు వచ్చాడు. అత్త రాలేదు. పెరట్లోకి పోయి చూశాను. పసుపు గిన్నె గట్టు మీద ఉంది. పెరటి తలుపు బార్లా తీసి ఉంది. స్నానాలగది చూశాను, సరుకుల గది చూశాను, మిద్దె ఎక్కి చూశాను. ఎండిపోయిన పాత బావిలోకి ఒకసారి తొంగి చూశానని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది, చూశాను. అంతలో పూలు ఇవ్వడానికి వచ్చిన ఆమె పెరటి గుమ్మంలో నిలబడి, మీ అత్త బడి దిక్కు పోతాంటే చూసినానని చెప్పింది. ఒంటరిగానా అని అడిగాను. ఒంటరిగానే, గబగబా పోతాండాదని చెప్పింది.

వెంట పోదామంటే దీపం వెలుగుతోంది. పురోహితుడు పుస్తకం తెరిచి కూర్చున్నాడు. వీధి తలుపు దగ్గర అప్పటికే ఆరు జతల చెప్పులున్నాయి. వచ్చిన ఆడవాళ్లు పట్టుచీరలు సర్దుకుంటూ, అత్త యాడమ్మా అని అడుగుతున్నారు. కడుపులో బాగలేక పడుకుందని చెప్పాను. ఎప్పుడూ పడుకోని మనిషి గురించి ఆ మాట చెప్పడానికి నా నోరు తిరగలేదు. పురోహితుడు గడియారం చూసి, కోడలు కూర్చుంటే దోషమేమీ లేదు, కూర్చోండి అన్నాడు. ముప్పై ఏళ్లదాన్ని, పదేళ్లుగా ఆ పీట పక్కన నిలబడి అందిస్తున్నదాన్ని, ఆ రోజు పీట మీద కూర్చున్నాను. వేసిన అక్షతలు సగం కింద పడ్డాయి. తొమ్మిది ముడుల తోరం ఆయన నా కుడిచేతికి కట్టించాడు. కథ విన్నాను, ఒక్క ముక్క తలకెక్కలేదు. తర్వాత ఒక్కొక్కరి పాదాలకూ పసుపు రాసి, వాయనం కొంగులో పోసి, దండం పెట్టి లేచాను. మళ్లీ వంగాను, మళ్లీ లేచాను. నలభై మందికి పైనే వచ్చారు. చివరి ఆమె గడప దాటేటప్పటికి ఒంటిగంట దాటింది.

అప్పుడు వచ్చింది అత్త, పెరటి తలుపు నుంచే. పట్టుచీర కుచ్చిళ్ల నిండా మట్టి. భుజం మీద గుండుసూదితో గుచ్చిన చిన్న కాగితం జెండా. చేతిలో బొరుగులు, బెల్లం పొట్లం, సగం తిన్నది. కలశం వైపు చూసింది, దండం పెట్టుకుంది. నా చేతికున్న తోరాన్ని వేలితో తాకి, "బాగా చేసినావు మ్మే," అంది. పదేళ్లలో ఆమె నన్ను మెచ్చుకున్నది అదే మొదలు. నాకు ఒళ్లంతా మండిపోయింది. నైవేద్యం అయిపోయింది, కావాలంటే పెట్టుకుని తిను అని చెప్పి, విస్తరి కూడా వేయకుండా గదిలోకి పోయి పడుకున్నాను. ఆమె పెట్టుకుని తిన్నదో లేదో చూడలేదు. మూడింటికి మామ వచ్చిన చప్పుడు వినిపించింది. ఇంత పరువుగల ఇంటి ఆడమనిషి, అధ్యక్షుడి భార్య, అని కేకలు మొదలవుతాయని ఎదురు చూశాను. ఒక్క మాట వినిపించలేదు. చాలాసేపటికి ఆయన, "తిన్నావా?" అని అడగడం మాత్రం విన్నాను. ఆ మనిషి ఆమెను ఆ మాట అడగడం అంతకుముందు నేను వినలేదు. ఆమె ఏం చెప్పిందో వినిపించలేదు.

మూడు రోజులు నేను అత్తతో మాట్లాడలేదు. ఆమె కూడా మాట్లాడించలేదు. నాలుగో రోజు పెరట్లో బియ్యం ఏరుతూ, నాలో నేనే అన్నట్టు, బడికి ఎందుకు పోయినావని అడిగాను. అత్త చేటలోంచి తల ఎత్తలేదు.

"ఆడ జెండా ఉంటాది. దానికి నైవేద్యం లేదు, మడి లేదు. నిలబడి చెయ్యెత్తితే సాలు, కూర్చోమంటారు. పిల్లోళ్ల వరసలో కూర్చున్నా. ఎవురూ ఏమీ అడగలేదు."

నాకు చెప్పి పోకూడదా అత్తా, నలభై మంది ముందర నన్ను అట్లా వదిలేసి పోతావా అన్నాను.

"సెప్తే నువ్వూ వస్తానంటావు. ఇద్దరం పోతే దీపం ఎవురు చూస్తారు?"

ఆమె ఆ మాట కఠినంగా అనలేదు. బియ్యంలో రాయి దొరికితే తీసి పారేసినట్టు చాలా మామూలుగా అంది. నాకు అప్పుడు అర్థమైంది, ఆమె ఆ పొద్దు పారిపోలేదు, నేనున్నానని చూసుకుని పోయింది. నేను రాకముందు ముప్పై ఏళ్లు ఆమె వెనక ఎవరూ లేరు, ఇప్పుడు నేనున్నాను. అర్థమైంది గానీ కోపం పోలేదు. అర్థం కావడానికీ కోపం పోవడానికీ మధ్య నాకు ఏడెనిమిదేళ్లు పట్టింది. ఎందుకంటే ఆ శుక్రవారంతో పీట నాదైపోయింది. మరుసటి ఏడు అత్త పీట వేసి, నన్ను చూసి పక్కకు జరిగింది. ఆమె పక్కన నిలబడి అందించడం మొదలుపెట్టింది. ఒక్కొక్క పండుగా అట్లాగే, మాట లేకుండా, నా చేతికి వచ్చింది.

ఆగస్టు పదిహేనుకు మాత్రం అత్త ఏటా బడికి పోయేది, ఇక వీధి తలుపు నుంచే. మామ ఏమీ అనేవాడు కాదు. బడిలో ఆమెకు కుర్చీ వేసేవాళ్లు, ఆమె కుర్చీ వద్దని పిల్లల వరసలోనే కూర్చునేది. మోకాళ్లు పట్టేశాక ఒక ఏడు ఆటో మాట్లాడి నేనే తీసుకుపోయాను. నేను ఆ బడికి పోయింది ఆ ఒక్కసారే. ఇద్దరమూ గోడ నీడన కూర్చున్నాం. ఒక పిల్ల వచ్చి మాకు చెరో కాగితం జెండా ఇచ్చింది. నాది అత్తే గుచ్చింది, వేళ్లు సరిగా వంగక రెండుసార్లు సూది జారింది. ప్రసంగం చాలాసేపు సాగింది. ఎవరో ఏదో చెబుతున్నారు, ఎండ మెల్లగా మా వైపు జరుగుతోంది, అత్త కునుకు తీసింది. నేనూ కాళ్లు చాపాను. ఎమ్మిగనూరులో మగ్గం గుంటలో కూర్చుని ఆ పెద్దమ్మ నాకు చెప్పిన మాట ఎంత నిజమో ఆ మట్టినేల మీద కూర్చుంటే తెలిసింది.

తర్వాత రెండేళ్లకు అత్తకు గుండె బలహీనమైంది. పాదాలు వాచేవి, నాలుగు మాటలకే ఆయాసం వచ్చేది. ఆసుపత్రిలో వారం ఉంచి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆషాఢంలో ఒక మధ్యాహ్నం నేను ఆమె పాదాలకు నూనె రాస్తూ కూర్చున్నాను. శ్రావణం వస్తోంది, కొళాయి ఎప్పుడు వస్తుందో, కలశం తోమాలి అని ఏదో పైకే అనుకుంటున్నాను. అత్త కళ్లు తెరిచి, దగ్గరికి రమ్మని చెయ్యి కదిపింది.

"నేను పోతే ఏడాది సూతకం. ఇంట్లో ఒక్క పండగ గూడా ఉండదు," అంది, ఆగి ఆగి. "అంతకంటే నీకు ఏమిచ్చేది మ్మే. బాగా పడుకో."

అట్లా మాట్లాడొద్దని కసిరాను. ఆమె నవ్విందో, ఆయాసపడిందో తెలియలేదు. శ్రావణం ఇంకా పది రోజులుందనగా పోయింది.

మొదటి శ్రావణ శుక్రవారం అలవాటు కొద్దీ మూడింటికే మెలకువ వచ్చింది. వంటింట్లోకి పోయాను. పొయ్యి చల్లగా ఉంది. బిందెల్లో నీళ్లున్నాయి, ఏ బిందె దేనికో చెప్పాల్సిన పని లేదు. కాసేపు నిలబడి, వచ్చి అరుగు మీద చాప వేసుకుని పడుకున్నాను. ఎండ ముఖం మీదికి వచ్చేదాకా లేవలేదు. పెళ్లయ్యాక నేను అంతసేపు పడుకోవడం కాన్పులప్పుడు తప్ప లేదు. చుట్టుపక్కల ఆడవాళ్లు పలకరింపుకు వచ్చి, పండుగ పబ్బం లేకుండా ఇల్లు బోసిపోయిందే అని కళ్లొత్తుకునేవాళ్లు. నేను తల వంచుకునేదాన్ని. వాళ్లకు దుఃఖంలా కనిపించింది. దుఃఖం లేకపోలేదు, ఆమె లేని వంటింట్లో ఎన్నోసార్లు ఏడ్చాను. కానీ ఆ తల వంచుకోవడంలో సగం సిగ్గు. ఒళ్లు తేలికైనందుకు సిగ్గు. చవితి వచ్చింది, వీధి చివర పందిట్లో పాటలు మోగాయి, మా పొయ్యి మీద పప్పు, అన్నం. దసరా వచ్చింది, పోయింది. దీపావళికి వీధంతా వెలుగుతుంటే నేను చీకటి అరుగు మీద కూర్చుని చూశాను. ఊరి పండుగను ఊరిలాగే చూడడం అదే మొదటిసారి. బాగుంది. పూలమ్మే ఆమెకు, దర్జీకి, సందు చివరి కుర్రాళ్లకు పండుగ ఎందుకిష్టమో, బయట కూర్చుని చూస్తే తెలుస్తుంది.

ఆ చలికాలంలోనే ఒక పొద్దు మామ నా పక్కన అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. కోడలితో పనిలేని మాట మాట్లాడే మనిషి కాదు. కండువా మడత విప్పి, మళ్లీ మడిచి, ఆ శుక్రవారం సంగతి ఎత్తాడు. సంఘం జెండా అయ్యాక ఎప్పటిలాగే బడికి పోయినారట. అధ్యక్షుడు కాబట్టి పొట్లాలు ఈయన చేత్తోనే పంచాలి. వరస వెంట వంగి పంచుకుంటూ పోతుంటే, నాలుగో వరసలో, పిల్లల మధ్యలో, పట్టుచీరతో ఆమె. వెనక సంఘం వాళ్లందరూ నిలబడి ఉన్నారు. ఆమె తల ఎత్తి ఈయన్ని చూసి, మిగతా పిల్లల్లాగే రెండు చేతులూ చాపిందట.

"నలభై ఏండ్లు ఆమె పెడితే నేను తిన్నా. ఆ పొద్దు ఒక్కటే నేను పెట్టినా," అన్నాడు మామ. "ఆ బొరుగులు గూడా సంఘానివే."

అరుగు మీద ఎండ తగ్గేదాకా అట్లాగే కూర్చున్నాం. లేచేటప్పుడు, వచ్చే ఏడు నుంచి అన్నీ చేయాల్సిన పని లేదమ్మా, చేతనైనవి చెయ్యి అన్నాడు. అన్నాడు గానీ, ఆయన చెప్పినంత మాత్రాన ఆగే పనులు కావవి. ఇల్లు, ఊరు, బంధువులు, అలవాటు, ఇవన్నీ ఉన్నాయి. సంవత్సరీకం అయిన పది రోజులకే శ్రావణం వచ్చింది. అటక మీది కలశం దించి చింతపండుతో తోమాను. ఇప్పుడు మా కోడలు ఉద్యోగానికి పోతుంది, ఓళిగలు డబ్బాల్లో అంగడి నుంచి వస్తాయి, కొళాయి రాకపోతే ట్యాంకరు వస్తుంది. అయినా వ్రతం పొద్దు మూడింటికి నాకు మెలకువ రాక తప్పదు.

ఈ ఊళ్లో గడిపిన నలభై ఏళ్లను వెనక్కి తిరిగి చూసుకుంటే, చేసిన పండుగలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఒకటే పొగ, ఒకటే నూనె వాసన. ఏ ఉగాది ఏ ఏటిదో, ఏ దీపావళికి ఎవరు వచ్చారో చెప్పమంటే చెప్పలేను. ఏమీ జరగని ఆ ఒక్క ఏడు మాత్రం, ఏ పొద్దు ఎంతసేపు పడుకున్నానో, ఎండ అరుగు మీద ఎంతదాకా వచ్చి ఆగిందో, రోజు రోజూ విడివిడిగా గుర్తుంది. మనిషి కూర్చున్నప్పుడే కాలం కూడా కాసేపు పక్కన కూర్చుంటుందేమో, మిగతా ఏళ్లన్నీ అది నిలబడే ఉండి పోయినట్టుంది.